కారు రోజువారీ వాడకం, సంరక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

కారు కొత్తగా చేతికొచ్చినవాళ్లూ, ఏళ్లుగా నడుపుతున్నవాళ్లూ మళ్లీ మళ్లీ అడిగే సందేహాలివి. చాలా సందర్భాల్లో పాడయ్యేదేమీ ఉండదు. బండి తన పని తాను చేస్తుంటే మనమే చెడిపోయిందనుకుంటాం. మిగతా వాటిలో కొన్నింటికి మాత్రం వెంటనే ఆపాల్సిందే. ఆ తేడా తెలిసేలా జవాబులు రాశాం. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. ఇక్కడి అంకెలు చాలా కార్లకు సరిపోతాయి. మీ కారు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

## ఎక్కేటప్పుడు, కూర్చున్నాక

రిమోట్ నొక్కినా డోర్లు తెరుచుకోవడం లేదు. కీ పాడైపోయిందా?

చాలావరకు కీలోని బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉంటుంది. దూరం నుంచి పనిచేసే రిమోట్ కొన్నాళ్లుగా డోర్ పక్కన నిలబడితేనే పనిచేస్తోందంటే అది ముందస్తు హెచ్చరిక. ఎక్కువ కీలలో సీఆర్2032 అనే 3 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. సన్నగా ఉండే సీఆర్2025 వాడేవీ ఉన్నాయి. పాత బిళ్ల మీదున్న నంబరు చూసి అదే కొనండి, మందం తేడా వస్తే లోపల పట్టు సరిగా దొరకదు. ప్లస్ గుర్తు ఏ వైపు ఉందో చూసుకున్నాకే పాతది తీయండి.

ఈలోగా బండి ఎక్కాలంటే, కీ పక్కనున్న చిన్న మీట నొక్కి లాగితే లోహపు తాళంచెవి బయటికొస్తుంది. డ్రైవర్ డోర్ హ్యాండిల్ దగ్గర తాళం రంధ్రం ఉంటుంది, కొన్ని కార్లలో అది ప్లాస్టిక్ మూత వెనక దాగుంటుంది. పుష్ బటన్ స్టార్ట్ ఉన్న చాలా కార్లలో బ్రేకు తొక్కి, కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే ఇంజన్ స్టార్ట్ అవుతుంది. కీలోని చిప్‌కు సొంత బ్యాటరీ అక్కర్లేదు, కారు వైపున్న కాయిల్ నుంచే దానికి కావలసిన విద్యుత్తు అందుతుంది. కొన్ని మోడళ్లలో కీ ఆనించాల్సిన చోటు వేరేగా ఉంటుంది. అదెక్కడో బ్యాటరీ బాగున్నప్పుడే చూసి పెట్టుకోండి.

తాళంచెవి తిరగడం లేదు, స్టీరింగ్ కూడా బిగుసుకుపోయింది.

స్టీరింగ్ లాక్ పడింది, అంతే. స్టీరింగ్‌ను ఒక చేత్తో అటూ ఇటూ మెల్లగా కదుపుతూ రెండో చేత్తో తాళం తిప్పండి. బలం పెట్టి తిప్పితే తాళంచెవి లోపలే విరిగే ప్రమాదం ఉంది.

సీటు, అద్దాలు ఏ వరుసలో సర్దుకోవాలి?

ముందు సీటు, తర్వాత స్టీరింగ్, చివర అద్దాలు. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కాస్త వంగి ఉండాలి. వీపు సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆగాలి. ఎయిర్‌బ్యాగ్ చాలా వేగంగా విచ్చుకుంటుంది కాబట్టి ఛాతీకి, స్టీరింగ్ మధ్యభాగానికి నడుమ కనీసం 25 సెంటీమీటర్ల ఎడం ఉంచండి. హెడ్‌రెస్ట్ పైఅంచు తల పైభాగం ఎత్తుకు రావాలి. చాలామంది దాన్ని మెడ దగ్గరే వదిలేస్తారు. వెనక నుంచి ఎవరైనా గుద్దినప్పుడు అలాంటి హెడ్‌రెస్ట్ మెడను కాపాడదు.

పక్క అద్దాల్లో మన కారు ఒళ్లు సన్నని గీతలా కనబడితే చాలు. అద్దంలో సగం మన డోరే కనిపిస్తుంటే పక్క వరుస (లేన్) కనిపించదు. ఎంత సరిగ్గా సర్దినా కనబడని చోటు కొంత మిగులుతుంది, లేన్ మారేముందు భుజం మీదుగా ఒకసారి చూడక తప్పదు.

వెనక డోర్ బయటి నుంచి వస్తోంది, లోపలి నుంచి రావడం లేదు.

చైల్డ్ లాక్ వేసి ఉంది. వెనక డోర్ తెరిచి దాని అంచున చూడండి, చిన్న మీటో తాళంచెవితో తిప్పే గాడో ఉంటుంది. రెండు డోర్లకూ విడివిడిగా వేయాలి. వేశాక డోర్ మూసి లోపలి హ్యాండిల్ లాగి పరీక్షించండి.

పిల్లల సీటు ముందు పెట్టొచ్చా?

వెనక సీటే సురక్షితం. వెనక్కి తిరిగి కూర్చునే శిశువుల సీటును, ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో ఎప్పుడూ పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే నేరుగా బిడ్డ తల వెనకే కొడుతుంది.

సీటు బెల్టు బయటికొస్తుంది కానీ వెనక్కి చుట్టుకోదు.

పట్టీకి పట్టిన చెమట, జిడ్డు, దుమ్ము వల్లే సాధారణంగా ఇలా అవుతుంది. పట్టీని చివరిదాకా లాగి, పైన చుట్టుకునే చోట క్లిప్పు పెట్టి ఆపండి. గోరువెచ్చని నీళ్లలో తేలికపాటి సబ్బు కలిపి మెత్తని బ్రష్‌తో తుడవండి. పూర్తిగా ఆరాకే వదలండి. బ్లీచ్ గానీ ఘాటు రసాయనాలు గానీ వాడితే దారాల బలం తగ్గిపోతుంది. భుజం దగ్గర పట్టీ దూరే కొక్కేన్ని కూడా తుడవడం మర్చిపోకండి, జిడ్డు ఎక్కువ పేరుకునేది అక్కడే. పట్టీ అంచులు చిట్లినా, కోత పడినా కడగడం దండగ, బెల్టు మార్చాల్సిందే.

## స్టార్ట్ చేసి కదిలేటప్పుడు

తాళం తిప్పితే టకటకమంటోంది, ఇంజన్ తిరగడం లేదు.

వరుసగా టకటకమంటూ డాష్‌బోర్డు దీపాలు మసకబారితే బ్యాటరీ డీలా పడింది. ఒక్కసారే గట్టిగా 'టక్' మని, దీపాలు మాత్రం కాంతిగా ఉంటే స్టార్టర్ మోటార్ మీద అనుమానం పెట్టుకోవాలి. ముందుగా బానెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినళ్లు చూడండి. క్లాంపు చేత్తో కదిలిందంటే పట్టు వదులైంది. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే విద్యుత్తు సరిగా పారదు. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్‌తో రుద్దితే ఆ పొడి పోతుంది. క్లాంపు విప్పాల్సి వస్తే మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర.

మల్టీమీటర్ ఉంటే కొలవండి. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక 12.6 వోల్టుల దగ్గర ఉంటే బ్యాటరీ నిండుగా ఉంది, 12.2 ఉంటే దాదాపు సగానికొచ్చింది. ఇంజన్ నడుస్తుండగా సాధారణంగా 13.8 నుంచి 14.5 దాకా చూపించాలి. అప్పుడు కూడా 12 దగ్గరే ఆగిపోతే తప్పు ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ది కావచ్చు. అలాంటప్పుడు కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో అదీ దిగిపోతుంది.

పొద్దున ఇంజన్‌ను ఎంతసేపు వేడెక్కనివ్వాలి?

అర నిమిషం చాలు. ఆయిల్ పైదాకా చేరాక మెల్లగా కదలండి, మొదటి నాలుగైదు కిలోమీటర్లు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకండి. పది నిమిషాలు నిలబెట్టి వేడిచేసే పద్ధతి కార్బురేటర్ బండ్ల నాటిది. ఇప్పటి ఇంజన్లలో దానివల్ల ఇంధనం ఖర్చు తప్ప లాభం లేదు.

ఆటోమేటిక్ కారులో గేరు 'పీ' నుంచి కదలడం లేదు.

బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుంటేనే అది కదులుతుంది. తొక్కినా రాకపోతే ఎవరినైనా వెనక నిలబెట్టి బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడమనండి. వెలగకపోతే బ్రేకు పెడల్ స్విచ్చో దాని ఫ్యూజో పోయి ఉండొచ్చు, బ్రేకు తొక్కిన సంగతే గేరుకు తెలియడం లేదు. చాలా కార్లలో గేరు మీట పక్కన చిన్న మూత కింద షిఫ్ట్ లాక్ విడిపించే గాడి ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేకు తొక్కి, తాళంచెవి కొనతో అక్కడ నొక్కితే గేరు కదులుతుంది. బ్రేక్ లైట్లు లేకుండా బండి నడపడం ప్రమాదం కాబట్టి ఇది మెకానిక్ దాకా చేరడానికే.

సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగిపోయేది. ఇప్పుడు ఆగట్లేదు, పాడైందా?

పాడవ్వకపోవచ్చు. బ్యాటరీలో ఛార్జ్ తక్కువగా ఉన్నా, ఇంజన్ ఇంకా వేడెక్కకపోయినా, ఏసీ మీద భారం ఎక్కువగా ఉన్నా, డ్రైవర్ సీటు బెల్టు పెట్టుకోకపోయినా స్టార్ట్ స్టాప్ పనిచేయదు. అన్నీ సరిగా ఉండీ వారాల తరబడి ఆగకపోతే బ్యాటరీకి వయసైపోయిందన్నమాట. ఈ సదుపాయమున్న కార్లలో ఏజీఎం లేదా ఈఎఫ్‌బీ రకం బ్యాటరీ ఉంటుంది. చవగ్గా వస్తోందని మామూలుది వేయిస్తే త్వరగా చస్తుంది.

## నడుపుతున్నప్పుడు

వానలో అద్దం మసకబారిపోతోంది. ఏసీ వేయాలా, హీటర్ వేయాలా?

మసక లోపలి వైపు ఉంటే రెండూ వేయాలి. ముందు మసక ఏ వైపు ఉందో వేలితో తాకి చూడండి, ఎందుకంటే రెండు వైపులకూ వైద్యం వేరు.

లోపలి వైపు ఉంటే కారులోని తేమ గాలి చల్లటి అద్దానికి తగిలి నీరవుతోంది. మన ఊపిరి, తడి బట్టలు, తడిసిన కాళ్ల మ్యాట్లు ఆ తేమను పెంచుతూనే ఉంటాయి. ఏసీ ఆన్ చేయండి, అది గాలిలోని నీటిని పీల్చేస్తుంది. ఉష్ణోగ్రత మీట వేడి వైపు తిప్పండి, వెచ్చబడిన గాలి తేమను బాగా లాక్కుంటుంది. గాలిని ముందు అద్దం వైపు మళ్లించి ఫ్యాన్ పెంచండి. లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ తీసేసి బయటి గాలి రానివ్వండి. చాలామంది పొరపడేది ఈ చివరిదాని దగ్గరే, వాన నీళ్లు వస్తాయేమోనని బయటి గాలి మూసేస్తారు, తేమంతా లోపలే తిరుగుతుంటుంది.

బయటి వైపు ఉంటే కథ తిరగబడుతుంది. ఏసీ వల్ల అద్దం చల్లబడి, బయటి ఉక్క గాలిలోని తేమ దానిమీద పేరుకుంటోంది. వైపర్ ఒకసారి వేసి, చల్లగాలిని అద్దం మీది నుంచి మళ్లించి, ఉష్ణోగ్రత కాస్త పెంచండి.

అద్దం లోపలి వైపు జిడ్డు పొర ఉంటే మసక త్వరగా పడుతుంది. నెలకోసారి గ్లాస్ క్లీనర్‌తో తుడిస్తే తేడా కనబడుతుంది.

ఎండలో పెట్టిన కారు త్వరగా చల్లబడాలంటే?

కిటికీలన్నీ దించి ఒకటి రెండు నిమిషాలు నడపండి, లోపలి సెగ పోతుంది. ఆ తర్వాత కిటికీలు ఎత్తి ఏసీ వేసి రీసర్క్యులేషన్ పెట్టండి. ఆగి ఉన్నప్పుడు కంటే కదులుతున్నప్పుడే ఏసీ బాగా చల్లబరుస్తుంది, కంప్రెసర్ వేగంగా తిరుగుతుంది, కండెన్సర్‌కు గాలి తగులుతుంది. దూరప్రయాణాల్లో మధ్య మధ్య కాసేపు బయటి గాలి రానివ్వండి, లేకపోతే బొగ్గుపులుసు వాయువు పెరిగి డ్రైవర్‌కు మత్తుగా ఉంటుంది.

ఏసీ వేయగానే పుల్లటి వాసన వస్తోంది.

లోపల తడిగా ఉండే ఎవాపరేటర్ మీద బూజు పట్టింది. గమ్యం చేరే నాలుగైదు నిమిషాల ముందు ఏసీ ఆపి, బయటి గాలి మోడ్‌లో ఫ్యాన్ మాత్రం నడపండి, తడి ఆరిపోతుంది. క్యాబిన్ ఫిల్టర్ కూడా చూడండి. చాలా కార్లలో అది గ్లవ్‌బాక్స్ వెనక ఉంటుంది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. సాధారణంగా 10,000 నుంచి 15,000 కిలోమీటర్లకు మార్చాలి, దుమ్ము దారులైతే ఇంకా ముందే. పెట్టేటప్పుడు ఫిల్టర్ అంచున ఉన్న బాణం గుర్తు గాలి పారే దిశలో ఉండాలి. సెంటు సీసాలు వాసనను కప్పిపెడతాయి తప్ప బూజును తీయవు.

ఏసీ వేస్తే కారు కింద నీళ్లు కారుతున్నాయి.

రంగూ జిడ్డూ లేని నీళ్లయితే అది ఏసీ పీల్చిన తేమే, కారాలి కూడా. కారకుండా ముందు సీటు కాళ్ల దగ్గర తడిగా ఉంటేనే సమస్య, డ్రెయిన్ గొట్టం పూడుకుపోయింది. కింద పడ్డది పచ్చగానో గులాబీ రంగులోనో ఉండి జిగురుగా ఉంటే కూలెంట్, నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్.

వైపర్లు తుడుస్తున్నా గీతలు పడుతున్నాయి, కిరకిరమంటున్నాయి.

తడిబట్టతో బ్లేడు రబ్బరు అంచును పొడవునా తుడవండి. బట్టకు నల్లటి మురికి అంటితే అదే కారణం. అద్దం మీది జిడ్డు కూడా కడిగేయండి. అప్పటికీ గీతలు పోకపోతే రబ్బరు గట్టిపడింది. ఎండలో నిలిచే కార్లకు బ్లేడ్లు ఆరు నెలల నుంచి ఏడాది దాకా వస్తాయి. బ్లేడు తీశాక ఖాళీ వైపర్ చేతిని లేపి వదిలేయకండి, స్ప్రింగు బలంతో పడి అద్దం పగులుతుంది. కింద మడిచిన గుడ్డ వేసి పెట్టండి.

పొడి అద్దం మీద వైపర్ వేయడం దుమ్ముతో అద్దాన్ని గీకడమే, ముందు నీళ్లు చిమ్మండి. వాషర్ ట్యాంకులో గిన్నెలు తోమే సబ్బు కలపొద్దు, నురుగు, పొర మిగులుతాయి. చిమ్మే రంధ్రం పూడితే సన్నని సూదితో తీయొచ్చు.

వానలో నడుపుతూ నాలుగు ఇండికేటర్లూ వేయడం మంచిదేనా?

కాదు. అవి వెలుగుతుంటే మీరు ఎటు తిరగబోతున్నారో వెనకవాళ్లకు తెలియదు, ఆగి ఉన్న బండి అనుకునే వీలూ ఉంది. కదులుతున్నప్పుడు లో బీమ్ హెడ్‌లైట్లు వేయండి, వెనక ఎర్ర దీపాలు వాటితో పాటే వెలుగుతాయి. పగటి దీపాలు మాత్రమే వేస్తే చాలా కార్లలో వెనక చీకటే.

హెడ్‌లైట్ దగ్గర 0 నుంచి 3 దాకా ఉన్న చక్రం దేనికి?

వెనక బరువు పెరిగితే కారు ముక్కు పైకి లేచి, లైటు ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. ఆ చక్రం లైటును కిందికి దించుతుంది. డ్రైవర్ ఒక్కరే ఉంటే 0, వెనక సీట్లు, డిక్కీ నిండే కొద్దీ పెద్ద అంకె. లో బీమ్ మరీ దగ్గరే పడుతోందని ఫిర్యాదు చేసేవాళ్ల కార్లలో ఈ చక్రం 3 దగ్గర మర్చిపోయి ఉండటం మామూలే.

ఒక వైపు ఇండికేటర్ వేగంగా టిక్ టిక్‌మంటోంది.

ఆ వైపు ముందుదో వెనకదో బల్బు పోయింది. దిగి చూడండి, వెలగనిదేదో తెలిసిపోతుంది.

గట్టిగా బ్రేకు వేస్తే పెడల్ దడదడలాడింది. వదిలేయాలా?

వదలొద్దు. అది ఏబీఎస్ పనిచేస్తున్న గుర్తు. చక్రం జారకుండా సెకనుకు ఎన్నోసార్లు బ్రేకును పట్టి వదులుతుంటుంది, ఆ అదురు కాలికి తెలుస్తుంది. బలంగా తొక్కి పట్టుకునే ఉండి, స్టీరింగ్‌తో అడ్డాన్ని తప్పించండి. మెల్లగా బ్రేకు వేసినా ప్రతిసారీ అదురుతుంటే అది వేరే జబ్బు, బ్రేకు డిస్కుల్లో హెచ్చుతగ్గులు వచ్చి ఉంటాయి.

క్లచ్ ప్లేట్లు త్వరగా అరిగిపోతున్నాయి. ఎక్కడ తప్పు జరుగుతోంది?

రెండు చోట్ల. నడిపేటప్పుడు ఎడమ కాలు క్లచ్ మీదే ఆనించి ఉంచడం, ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టడం. ఎత్తు మీద ఆగితే హ్యాండ్‌బ్రేక్ వేసి న్యూట్రల్ చేయండి. కదిలేటప్పుడు క్లచ్ వదులుతూ బండి ముందుకు లాగడం తెలిశాకే హ్యాండ్‌బ్రేక్ దించండి. పై గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు చివరికొచ్చింది.

## డాష్‌బోర్డులో దీపం వెలిగినప్పుడు

ఏ దీపానికి ఆపాలి, ఏ దీపానికి ఆగక్కర్లేదు?

ఎరుపైతే సురక్షితమైన చోట వెంటనే ఆపండి. పసుపు లేదా నారింజ అయితే నడపొచ్చు, త్వరలో చూపించండి. పచ్చ, నీలం దీపాలు ఏది పనిచేస్తోందో చెబుతాయి, అంతే. తాళం తిప్పగానే అన్నీ ఒకసారి వెలిగి ఆరడం బల్బుల పరీక్ష.

ఆయిల్ క్యాన్ గుర్తు ఎర్రగా వెలిగింది. ఇంకో రెండు కిలోమీటర్లు వెళ్లొచ్చా?

వద్దు. ఆ దీపం చెప్పేది ఆయిల్ పరిమాణం గురించి కాదు, ఒత్తిడి గురించి. ఒత్తిడి లేకుండా నడిస్తే బేరింగులు నిమిషాల్లో పట్టేస్తాయి. ఇంజన్ ఆపి, కొంతసేపాగి డిప్‌స్టిక్ చూడండి. మట్టం తక్కువుంటే సరైన గ్రేడ్ ఆయిల్ పోసి స్టార్ట్ చేయండి. దీపం ఆరకపోయినా, మట్టం సరిగానే ఉన్నా బండిని నడపకుండా మరో బండితో లాగించుకు పోవాల్సిందే.

ఇంజన్ వేడి ముల్లు ఎరుపులోకి వెళ్లింది.

ఏసీ ఆపేయండి. ఆపే చోటు దొరికేదాకా హీటర్‌ను పూర్తి వేడి మీద, పూర్తి ఫ్యాన్ మీద పెట్టండి, ఇంజన్ వేడిలో కొంత క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది. మీకు ఉక్కపోస్తుంది గానీ ఇంజన్ బతుకుతుంది. ఆవిరి వస్తుంటే మాత్రం ఆలస్యం లేకుండా ఆపి ఇంజన్ కట్టేయండి. రేడియేటర్ మూత గానీ కూలెంట్ ట్యాంకు మూత గానీ వేడి మీద తీయొద్దు. ఒత్తిడి వల్ల లోపలి ద్రవం వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత వదులు కాగానే ఒక్కసారిగా మరిగి ముఖాన చిమ్ముతుంది. కనీసం అరగంట, చేత్తో గొట్టం పట్టుకోగలిగేంత చల్లబడేదాకా ఆగండి.

చెక్ ఇంజన్ దీపం వెలుగుతోంది, బండి బాగానే నడుస్తోంది.

నిలకడగా వెలిగితే నడుపుకుంటూ వెళ్లి స్కానర్‌తో కోడ్ చదివించండి. పెట్రోలు ట్యాంకు మూత సరిగా బిగియకపోయినా కొన్ని కార్లలో ఇది వెలుగుతుంది. మూత టిక్ టిక్ అనేదాకా బిగిస్తే కొన్ని ప్రయాణాల తర్వాత అదే ఆరిపోతుంది. దీపం మిణుకుమిణుకుమంటూ ఇంజన్ అదురుతుంటే అది మిస్‌ఫైర్. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌కు చేరి దాన్ని మాడ్చేస్తుంది, వేగం తగ్గించి వీలైనంత త్వరగా ఆపండి.

## ఇంధనం

ట్యాంకు మూత ఏ వైపుందో దిగకుండా ఎలా తెలుస్తుంది?

ఫ్యూయల్ గేజిలో పంపు బొమ్మ పక్కన చిన్న బాణం ఉంటుంది. అది చూపించే వైపే మూత.

గన్ ఆగిపోయాక ఇంకాస్త పోయిస్తే నష్టమేంటి?

ట్యాంకు పైన ఆవిరికి కొంత ఖాళీ కావాలి. అదీ నిండితే పెట్రోలు, ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి పోయి దాన్ని పాడుచేస్తుంది. మొదటిసారి ఆగిన దగ్గరే చాలనండి.

డీజిల్ బండిలో పెట్రోలు పోసేశారు!

స్టార్ట్ చేయొద్దు, తాళం ఆన్ కూడా చేయొద్దు. చాలా కార్లలో తాళం ఆన్ కాగానే పంపు పనిచేయడం మొదలుపెడుతుంది. న్యూట్రల్‌లో పక్కకు తోసి, ట్యాంకు ఖాళీ చేయించండి. డీజిల్ పంపుకూ ఇంజెక్టర్లకూ డీజిలే కందెన, పెట్రోలు కలిస్తే లోహం లోహాన్ని రాసుకుంటుంది. పెట్రోలు బండిలో డీజిల్ పోసినా చేయాల్సింది ఇదే.

## నెలకోసారి, ఏడాదికోసారి

టైర్లలో గాలి ఎంత పెట్టాలి? టైరు మీద రాసిందా?

టైరు మీద ఉన్నది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం. మీ కారుకు కావలసింది డ్రైవర్ డోర్ తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద గానీ, ట్యాంకు మూత లోపల గానీ ఉంటుంది. నిండు బరువుకు వేరే అంకె ఉంటుంది, అదీ చూడండి. కొలవాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక. నడిచిన టైరులో ఒత్తిడి నాలుగైదు పీఎస్ఐ పెరుగుతుంది. ఎక్కువుందని అప్పుడు గాలి తీస్తే చల్లారాక తక్కువవుతుంది. ఏ పంక్చరూ లేకున్నా నెలకు సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది కాబట్టి నెలకోసారి, దూరం వెళ్లే ముందు చూడండి. స్టెప్నీని మర్చిపోవద్దు.

అరుగుదల కూడా గాలి సంగతి చెబుతుంది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, మధ్యలో అరిగితే ఎక్కువ, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది.

టైరు బాగానే కనిపిస్తోంది. ఎప్పుడు మార్చాలి?

గాడుల అడుగున చిన్న దిమ్మెలు ఉంటాయి, అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి. టైరు పైభాగం వాటితో సమమైతే పని అయిపోయింది. వానలో పట్టు అంతకు చాలా ముందే తగ్గుతుంది, 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చడం మేలు. వయసు తెలియాలంటే పక్కగోడ మీద డాట్ అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివరి నాలుగంకెలు చూడండి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైంది. పక్కన పగుళ్లు, బుడగ కనిపిస్తే వయసుతో పనిలేదు, తీసేయండి.

ఇంజన్ ఆయిల్ ఎలా చూడాలి?

బండి సమతలం మీద ఉండాలి. ఇంజన్ ఆపాక ఐదు పది నిమిషాలు ఆగండి, పైనున్న ఆయిల్ కిందికి దిగాలి. డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీసి చూడండి. మట్టం రెండు గుర్తుల మధ్య ఉండాలి. ఆ రెండింటి మధ్య తేడా చాలా ఇంజన్లలో లీటరు దాకా ఉంటుంది, అందుకే 200 మిల్లీలీటర్ల చొప్పున పోస్తూ చూడండి. ఎక్కువ పోస్తే తిరిగే క్రాంక్ దాన్ని చిలికి నురుగు చేస్తుంది. నల్లబడటం ఆయిల్ చెడిపోవడం కాదు, ముఖ్యంగా డీజిల్ ఇంజన్లలో కొన్ని రోజులకే నల్లబడుతుంది. కాఫీ రంగులో మీగడలా ఉంటే మాత్రం కూలెంట్ కలుస్తున్నట్టే, నడపకుండా చూపించండి.

కూలెంట్ తగ్గితే కుళాయి నీళ్లు పోయొచ్చా?

దారిలో గతిలేనప్పుడు పోయొచ్చు, అలాగే వదిలేయకూడదు. కుళాయి నీటిలోని లవణాలు రేడియేటర్లో గట్టిగా పేరుకుంటాయి. మామూలు మిశ్రమం సగం కూలెంట్, సగం డీమినరలైజ్డ్ నీళ్లు. రెడీమిక్స్ అని రాసి ఉంటే నీళ్లు కలపక్కర్లేదు. రంగు చూసి కొనొద్దు, ఒకే రంగులో వేర్వేరు రసాయనాలు ఉంటాయి, మాన్యువల్‌లో చెప్పిన రకమే తీసుకోండి. నెలనెలా తగ్గుతుంటే పోస్తూ ఉండటం పరిష్కారం కాదు, ఎక్కడో కారుతోంది.

బ్రేక్ ఆయిల్ తగ్గింది, పోసేస్తే సరిపోతుందా?

ముందు ప్యాడ్లు చూడాలి. ప్యాడ్లు అరిగే కొద్దీ ఆయిల్ మట్టం మెల్లగా దిగుతుంది, కొత్తవి వేస్తే తిరిగి పైకొస్తుంది. అకస్మాత్తుగా తగ్గితే లీకు, నడపొద్దు. మట్టం సరిగానే ఉన్నా రెండేళ్లకోసారి పూర్తిగా మార్చాలి, ఎందుకంటే అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు కాలి, ఆయిల్ మరిగి బుడగలొస్తే పెడల్ నేలకు పోతుంది. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ను తినేస్తుంది, ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి.

ఫోన్ ఛార్జింగ్ సాకెట్ పనిచేయడం లేదు.

ఫ్యూజు చూడండి. ఫ్యూజు బాక్సు మూత వెనక ఏది దేనిదో పటం ఉంటుంది. తాళం ఆపి, ప్లాస్టిక్ చిమటాతో తీసి వెలుగులో చూస్తే లోపలి తీగ తెగి కనిపిస్తుంది. అదే ఆంపియర్ల ఫ్యూజే వేయాలి. సాధారణంగా ఎరుపు 10, నీలం 15, పసుపు 20, పచ్చ 30 ఆంపియర్లు. పెద్దది వేస్తే ఫ్యూజుకు బదులు వైరింగ్ కాలుతుంది. కొత్తదీ వెంటనే పోతే ఎక్కడో షార్ట్ ఉంది.

## దారిలో చిక్కుకుంటే

టైరు మార్చడం ఏ వరుసలో?

గట్టి, సమతల నేల మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో పెట్టి, హజార్డ్ లైట్లు వేయండి. హెచ్చరిక త్రికోణం వెనక దూరంగా పెట్టండి. పంక్చరైన చక్రానికి మూలగా ఎదురున్న చక్రానికి రాయి అడ్డం పెట్టండి. బండిని ఎత్తకముందే నట్లను అర చుట్టు వదులు చేయాలి, ఎత్తాక చక్రం తిరిగిపోతుంది, బలం పెడితే జాకీ జారుతుంది. జాకీని డోర్ల కింది అంచున గాడి గుర్తున్న చోటే పెట్టండి. ఎత్తిన బండి కిందికి ఏ అవయవమూ పోనివ్వొద్దు.

కొత్త చక్రం ఎక్కించి నట్లను చేత్తో తిప్పి, బండి దించాక ఒకదానికి ఎదురుగా ఉన్నది ఒకటి చొప్పున బిగించండి. స్పానర్ మీద ఎక్కి తొక్కొద్దు, స్టడ్‌లు సాగుతాయి. 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత మరోసారి బిగువు చూడండి. సన్నటి స్టెప్నీ అయితే దాని మీద రాసిన వేగం దాటొద్దు, సాధారణంగా గంటకు 80 కిలోమీటర్లు.

ఇంకో కారు బ్యాటరీతో స్టార్ట్ చేయడం ఎలా?

రెండూ 12 వోల్టులవేనా అని చూసుకోండి, రెండు కార్లూ ఒకదానికొకటి తగలకూడదు. ఎర్ర తీగ ఒక కొస చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, రెండోది మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్ల తీగ ఒక కొస మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి కొస ఆగిన కారు ఇంజన్‌పై రంగు లేని లోహానికి, బ్యాటరీకి దూరంగా. చివరిది కలిపేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్‌కు అది అంటుకోకూడదనే ఈ దూరం. మంచి కారు ఇంజన్‌ను కొన్ని నిమిషాలు ఆన్‌లో ఉంచి, రెండోది స్టార్ట్ చేయండి. తీసేటప్పుడు సరిగ్గా తలకిందుల వరుస. హైబ్రిడ్ కారు నుంచి ఇలా తీసుకోవచ్చో లేదో మాన్యువల్ చూడకుండా మొదలుపెట్టొద్దు.

నీళ్లలో ఇంజన్ ఆగిపోయింది.

మళ్లీ స్టార్ట్ చేయొద్దు, ఒక్కసారి కూడా. సిలిండర్లోకి నీరు చేరి ఉంటే అది గాలిలా కుదించుకోదు, పిస్టన్‌ను నడిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. తోసుకుంటూ బయటికి తెచ్చి లాగించుకు పొండి. ఆపకుండా దాటగలిగితే, బయటికొచ్చాక మెల్లగా వెళ్తూ బ్రేకును తేలిగ్గా నాలుగైదుసార్లు తొక్కి ఆరబెట్టండి.

## ఆపి ఉంచేటప్పుడు

ఆటోమేటిక్ కారును వాలులో ఆపితే, 'పీ' నుంచి తీసేటప్పుడు ధన్‌మంటోంది.

బండి బరువంతా గేర్‌బాక్స్‌లోని చిన్న కొక్కెం మీద పడుతోంది. వరుస మార్చండి. కాలి బ్రేకు తొక్కి, న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, కాలి బ్రేకు వదలండి. బండి హ్యాండ్‌బ్రేక్ మీద స్థిరపడ్డాక మళ్లీ బ్రేకు తొక్కి 'పీ'లో పెట్టండి.

నెల రోజులు బండి తీయను. రోజూ ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచాలా?

అలా చేస్తే మేలు కంటే కీడే ఎక్కువ. స్టార్టర్ తీసుకున్న ఛార్జ్ ఐదు నిమిషాల్లో తిరిగి నిండదు, సైలెన్సర్లో నీరు మిగులుతుంది. వారానికోసారి ఇరవై ముప్పై నిమిషాలు నడిపించండి. అదీ వీలుకాకపోతే బ్యాటరీ మైనస్ విప్పేయండి, లేదా నిలకడగా ఛార్జ్ ఉంచే ఛార్జర్ తగిలించండి. మైనస్ విప్పే ముందు డిక్కీ రిమోట్‌తో మాత్రమే తెరుచుకునే రకమా అని చూసుకోండి. టైర్లలో గాలి సరిగ్గా పెట్టి, సమతలం మీద ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి గేరులో ఉంచండి. హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేస్తే తుప్పు వల్ల ప్యాడ్లు అంటుకుపోవచ్చు. తిరిగి తీసినప్పుడు మొదటి కొన్ని బ్రేకులకు గరగరమంటుంది, డిస్కు మీది పైతుప్పు అది, పోతుంది.

బ్యాటరీ విప్పి పెట్టాక పవర్ విండో ఒక్క నొక్కుకు పైకి వెళ్లడం లేదు.

అద్దం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో అది మర్చిపోయింది. ఎక్కువ కార్లలో అద్దం పూర్తిగా దించి, మళ్లీ పూర్తిగా ఎత్తి, పైకి చేరాక కూడా స్విచ్చును నాలుగైదు సెకన్లు లాగి పట్టుకుంటే చాలు. ఒక్కో కిటికీకి విడిగా, ఆ డోర్‌కున్న స్విచ్చుతోనే చేయండి. ఇది పూర్తయ్యేదాకా చేయి అడ్డొస్తే అద్దం వెనక్కి తగ్గే రక్షణ పనిచేయకపోవచ్చు, పిల్లల్ని కిటికీలకు దూరంగా ఉంచండి.